చిన్నగది బియ్యం

తాండూరు,
20 నవంబరు 2025.

వికారాబాదులో ఉన్న మా వదిన జ్యోతిరాణికి,

నీ ఆడబిడ్డ రాహేలమ్మ రెండు చేతులు జోడించి చెప్పే వందనాలు. దేవుని దయవల్ల మేమిక్కడ లేచి తిరుగుతున్నాం. మీరంతా అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. మా ఆయనకు, అదే మీ మత్తయ్యన్నకు, దగ్గు ఇంకా వదల్లేదు. ఈమధ్య ఇంటిపట్టున ఉండి గిన్నెలు తోమడం నేర్చుకున్నాడు, కూర మాడ్చడం కూడా నేర్చుకున్నాడు. ఇన్నేళ్ళు రాళ్ళ పాలిషు మిషను చప్పుడులో పనిచేసిన చెవులు కదా, మెల్లగా చెబితే వినబడదు. అందుకని మా ఇంట్లో ప్రేమగా మాట్లాడుకున్నా పక్కింటివాళ్ళకు పోట్లాటలాగే ఉంటుంది.

నీ ఉత్తరం రజిని తెచ్చి ఇచ్చింది. రోజూ వికారాబాదు నుంచి రైల్లో వచ్చి ఇక్కడి బడిలో చదువు చెప్పే పిల్ల మనకు పోస్టుమాను కూడా అయింది. ఫోన్లు చేతిలో పెట్టుకొని ఈ ఉత్తరాలేమిటి అత్తా అని నవ్వింది. ఫోనులో ఎట్లా మాట్లాడుకుంటాం వదినా. మీ ఇంట్లో ఫోను ఎత్తితే స్పీకరు. నేను మొదటి మాటకే గొంతు పెంచుతాను, రెండో మాటకు మా డేవిడన్న అరవకు అంటాడు, మూడో మాటకు నేను ఫోను పెట్టేస్తాను. కాగితం మీద అయితే నా మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డు రారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్న తాండూరు కోతపండుగకు పోయొచ్చిన కాన్నుంచి మనిషి మనిషి లెక్క లేడు, సగం అన్నం తిని లేస్తుండు అని రాశావు. చొక్కా ఉతుకుదామని జేబుల చెయ్యి పెడితే రుమాల్ల ముడేసిన పిడికెడు బియ్యం దొరికినయి, వండుతనంటె వద్దన్నడు, కోళ్ళకేస్తనంటె కోపానికొచ్చిండు అని రాశావు. ఫోటోల పని ఇగ బంద్ అని కమిటీల చెప్పిండంట, ఏం మాటన్నవ్ రాహేలూ మా ఆయనని, నిజం చెప్పు అని చివర్లో నిలదీశావు. బాగానే చేశావు. నీ మొగుడి గురించి నువ్వు నిలదీయకపోతే ఎవరు నిలదీస్తారు. కానీ ఆ రోజు నేను అన్నను ఒక్క మాట కూడా అనలేదు. ఒట్టు పెట్టకూడదని పాస్టరు గారు చెప్తారు కాబట్టి ఒట్టు పెట్టను, జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వే చదువుకొని చెప్పు.

సంగతంతా పోయిన క్రిస్మసు దగ్గర మొదలైంది. అన్న మీ వికారాబాదు చర్చిలో సేవా విభాగం కార్యదర్శి అయ్యాక తాండూరుకు బకెట్లు పంపాడు గుర్తుందా. ఒక్కో బకెట్టులో బియ్యం, పప్పు, నూనె, సబ్బులు. ఆయన మనసు మంచిదే, కాదని నేనెప్పుడూ అనలేదు. అయితే బకెట్టుతో పాటు బ్యానరు వచ్చింది, మైకు వచ్చింది, కెమెరా వచ్చింది. మైకులో పేరు పిలుస్తారు, మనిషి బ్యానరు కిందికి రావాలి, బకెట్టు అన్నతో పాటు పట్టుకోవాలి, ఇటు చూసి నవ్వాలి. తిండి లేక వచ్చిన మనిషిని నవ్వమన్నారు వదినా.

అందులో మా వీధి చివర ఉండే వెంకటమ్మ ఉంది. ఆమె మన సంఘం మనిషి కాదు. ఆకలికి సంఘం ఉండదని మొదటినుంచి మన పద్ధతి. ఆమె భర్త బిచ్చయ్య రాతి పొడి పీల్చి పీల్చి దగ్గుతోనే పోయాడు. ఆమె అదే పాలిషు మిషన్ల దగ్గర పొడి ఊడ్చే పని చేస్తుంది. ఒక్కతే బిడ్డ, పేరు నిఖిల. అప్పుడే కర్ణాటక సరిహద్దున బషీరాబాద్ దగ్గరి ఊరికి ఇచ్చి పెళ్ళి చేసింది. ఆ ఫోటో ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి పోయి పోయి నిఖిల అత్తగారింటికి చేరింది. మీ అమ్మ అడుక్కతింటుందా, మా ఇజ్జత్ ఏం గావాలె అని వాళ్ళు అన్నారట. ఆ పిల్ల తల్లికి ఫోను చేసి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే వెంకటమ్మ బకెట్టు తెచ్చి మా గడప ముందు పెట్టింది. అప్పటికే అందులో కొంత వండుకున్నట్టుంది. తగ్గిన బియ్యం పక్కింట్లో బదులు తెచ్చి మూతి దాకా నింపి మరీ తెచ్చింది. నేను తీసుకోనన్నాను. అమ్మా, మీ బియ్యం మంచిగనే ఉన్నయి, గని వాటెంబడి నా మొఖం గూడ ఊరూరు తిరిగింది, మీ బియ్యం మీరు తీసుకోన్రి, నా మొఖం నాకియ్యున్రి అన్నది. కేకలు వేయలేదు, ఏడవలేదు. బకెట్టు అక్కడ పెట్టి పనికి పోయింది. కూటికి పేదైతే గుణానికి పేదా అని మన అమ్మ అంటుండేది. ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత నెల మళ్ళీ బకెట్లు వస్తే తీసుకోవడానికి ఒక్కరు కూడా రాలేదు. అన్న ఏమని రాశాడో తెలుసా. తాండూరులో అవసరం తగ్గింది అని రిపోర్టు రాశాడు. అవసరం తగ్గలేదు వదినా, సిగ్గు పెరిగింది. ఎండలు ముదిరాక వెంకటమ్మ మిషను దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో నర్సు సెలైను ఎక్కించి, పొద్దున ఏం తిన్నవమ్మా అని అడిగితే, చాయ తాగిన అన్నది. రాత్రి ఏం తిన్నవంటే గోడ వైపు తిరిగి పడుకుంది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆ రోజే అనుకున్నాను, ఆరు నూరైనా సరే, ఈమె మా చర్చి బియ్యం తినాలి, తిన్నట్టు నాకు కూడా తెలియకూడదు.

స్త్రీల సమాజం కూర్చున్నప్పుడు పిడికెడు బియ్యం సంగతి తీశాను. నీకు తెలియనిది కాదు, పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేస్తాం, ఆదివారం చర్చికి తెస్తాం, అక్కడ హర్రాజు పాడతారు, వచ్చింది పాస్టరు గారి జీతంలో కలుస్తుంది. మన అమ్మమ్మల నాటి పద్ధతి. ఆ బియ్యం హర్రాజు పాడొద్దు, లేనివాళ్ళకు పోనీ అన్నాను. దుకాణం సుమిత్రమ్మ వెంటనే, మరి పాస్టరు గారు గాలి బుక్కి బతుకుతడా అని అడిగింది. అందరం అనంతయ్య పాస్టరు గారి వైపు చూశాం. ఏది అడిగినా చూద్దాం తల్లీ అనే మనిషి, ఆ రోజు చూద్దాం అనలేదు. రేషన్ బియ్యం నాక్కూడ వస్తున్నయి తల్లీ, నా ఫికర్ చెయ్యకున్రి అన్నాడు. ఆయన మీద నాకు ఎన్ని కోపాలున్నాయో అన్నీ ఆ ఒక్క మాటతో తీరిపోయాయి.

అప్పుడే కదా నీకు ఫోను చేసి సంచులు కుట్టి పెట్టమన్నది. నువ్వు ముందు మచ్చుకు ఒకటి అన్న పాత నీలిచారల చొక్కాతో కుట్టి పంపావు, జేబు కూడా ఊడదీయకుండా. బియ్యం సంచికి జేబెందుకు, చిల్లర పెట్టుకోవడానికా అని ఇక్కడ అందరం పడి పడి నవ్వాం. ఒక్కొక్కటి ఒక్కో రంగు ఉంటే ఎవరిదేదో తెలిసిపోతుంది, అన్నీ ఒకేలా కావాలి అని చెబితే, తెల్ల గాడా గుడ్డ తెచ్చి అన్నీ ఒకే కొలతలో కుట్టావు. నీ చేతి కుట్టు గట్టిది, ఇప్పటిదాకా ఒక్క సంచి పిగలలేదు.

మొదట మేం చేసిన ఏర్పాటు ఏమిటంటే, ప్రతి ఇంటివాళ్ళూ తెల్ల సంచి తేవాలి, అన్నీ బల్ల మీద పెట్టాలి, పోయేటప్పుడు ఎవరి చేతికి ఏది వస్తే అది పట్టుకుపోవాలి. ఉన్నవాళ్ళు నిండుగా తెస్తారు, లేనివాళ్ళు తేలిగ్గా తెస్తారు, సంచులు మారిపోతాయి, ఎవరిదేదో ఎవరికీ తెలియదు అనుకున్నాం. మా అంత తెలివిగలవాళ్ళు లేరనుకున్నాం. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. ఆడవాళ్ళం కదా, బియ్యం పురుగు పట్టకుండా ఒక్కో ఇంట్లో ఒక్కోటి వేస్తాం. సుమిత్రమ్మ ఎండుమిరపకాయలు వేస్తుంది, పాస్టరమ్మ వేపాకు వేస్తుంది, నేను ఉప్పు మూట వేస్తాను. మరుసటి వారం చర్చి బయట, నాకు మిరపకాయల బియ్యం వచ్చినయి, అయితే సుమిత్రమ్మయే, నీకేం వచ్చినయి అని ముచ్చట్లు. ఎవరి బియ్యం ఎవరింటికి పోయాయో మధ్యాహ్నం లోపల వాడంతా తెలిసిపోయింది. సుమిత్రమ్మ అయితే, నా బియ్యం వండితె మెతుకు మెతుకు విడిగ ఉంటది, చూసిన్రా అని అందరినీ అడగడం. ఆమెకు దురుద్దేశం లేదు, నోరు అంతే. వెంకటమ్మ ఆ వారం వరండా మెట్టు దాకా వచ్చి, ఆ మాటలు విని, వెనక్కి తిరిగి పోయింది.

దాంతో సంచుల మార్పిడి బంద్ పెట్టి, చర్చిలో వేదిక వెనకున్న చిన్నగది ఖాళీ చేశాం. ప్రభు బల్ల రోజు రొట్టె పెట్టే గిన్నెలు, పాత చాపలు ఉండే గది, నీకు తెలుసు. అందులో ఒక బల్ల, బల్ల పక్కన పెద్ద బియ్యం డ్రమ్ము, డ్రమ్ములో ఒక సోల. అందరి బియ్యమూ ఒక్క దాంట్లోనే కలిసిపోతుంది, మిరపకాయా వేపాకూ అన్నీ ఏరి పారేస్తాం. ఇక కాయిదా ఏమిటంటే, సంచి ఉన్న మనిషి ఎవరైనా లోపలికి పోవచ్చు. ఒక్కరే పోవాలి. తలుపు మూసుకోవాలి. పోయాలనుకుంటే పోయాలి, తీసుకోవాలనుకుంటే తీసుకోవాలి. పోసినవాళ్ళు కూడా ఉత్త చేతులతో బయటికి రాకూడదు, కనీసం పిడికెడు తెచ్చుకొని ఇంట్లో వండుకోవాలి. అప్పుడు అందరి సంచిలోనూ బరువు ఉంటుంది. తలుపు బయట ముక్కాలి పీట మీద నేను కూర్చుంటాను, వీపు తలుపు వైపు, ముఖం జనం వైపు. నా పని ఒకరు బయటికి వచ్చేదాకా ఇంకొకరిని పోనివ్వకపోవడం. అంతే.

తాళం లేని దుకాణం పెట్టినవ్ రాహేలమ్మా, మొదటి వారమే డ్రమ్ము బోర్లిస్తరు చూడు అని సుమిత్రమ్మ అన్నది. నాకూ భయంగానే ఉండేది. కానీ డ్రమ్ము ఖాళీ కాలేదు వదినా. ఒక్కో వారం అడుగు కనబడింది, సోలతో గీకితే చప్పుడు వచ్చింది. అయినా చివరి మనిషికి పిడికెడు దొరికింది. మరుసటి వారం ఎవరో కందిపప్పు మూట పెట్టిపోతారు, ఎవరో చింతపండు పెట్టిపోతారు. ఎవరని అడగలేదు, అడగనివ్వలేదు.

వెంకటమ్మ చాలా వారాలు రాలేదు. నేను పిలవలేదు. పిలిస్తే అది కూడా మైకే అవుతుంది. తెల్ల సంచి ఒకటి మాత్రం వాళ్ళ దండెం మీద వేసి వచ్చాను. ఒక ఆదివారం వచ్చి, నేను లోపల పాటలకు రాను, వరండల కూసుంట అన్నది. నీ ఇష్టమమ్మా అన్నాను. అందరూ అయ్యాక లేచి సంచి పట్టుకొని గదిలోకి పోయింది. బయటికి వచ్చి నా ముందు ఆగింది. లోపల ఎవ్వరు లేరు, బియ్యమొక్కటే ఉన్నయి అన్నది. అని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఇంటికి పోయి ఆ సంతోషానికి మీ మత్తయ్యన్నతో ఊరికే పోట్లాడాను.

ఇది అన్నకు తెలిసింది. తెలిసి రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ మేం గట్టిగా మాట్లాడుకున్నాం. అది నీకు చెప్పే ఉంటాడు. ఎవరు తీసుకున్నరో తెల్వకుంటే సాయం చేసినట్టు రుజువేది అని ఆయన, రుజువు కడుపులో ఉంటది, కెమెరాల ఉండదు అని నేను. హైదరాబాదు నుంచి ఒక సంస్థవాళ్ళు వస్తున్నారు, ఏడాది పొడుగునా సరుకులు ఇస్తామంటున్నారు, తీసుకునేవాళ్ళ ముఖాలు చూపించాలి, గది చూపించాలి, లేదంటే తాండూరు సేవ వికారాబాదు కమిటీ బంద్ చేస్తుంది, ఆ గదికి తాళం పడుతుంది అని చెప్పాడు. కోతపండుగ రోజే వస్తారన్నాడు. తాళం పడితే వెంకటమ్మ మళ్ళీ చాయ మీద బతకాలి. ఆమె ఒక్కతే కాదు, ఇంకా ఎందరో. ముఖాలు చూపిస్తే ఒక్కరూ రారు. రెండింట్లో ఏది జరిగినా ఆకలి ఆకలే. నేను మాత్రం తలుపు దగ్గరి నుంచి లేవనని చెప్పాను. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మొండిదాని సంగతి ఎవరూ చెప్పలేదని అన్న వెక్కిరించి పోయాడు.

కోతపండుగ ఈసారి బాగా జరిగింది. హర్రాజు పాడడానికి గుమ్మడికాయలు, పెసలు, మక్కకంకులు, ఒక నాటుకోడి కానుకగా వచ్చాయి. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మనవాళ్ళు బండ్ల మీద వచ్చారు. నిఖిల కూడా భర్తతో వచ్చింది. తల్లి పక్కన వరండాలో కూర్చున్నారు. హర్రాజు మధ్యలో అన్న ఆ సంస్థవాళ్ళను తీసుకొని వచ్చాడు, వెంట ఫోటోలు తీసే మనిషి. కోడి హర్రాజు ఆపించి అన్న మైకు తీసుకున్నాడు. చిన్నగది నుంచి సాయం పొందినవాళ్ళు దయచేసి ముందుకు రావాలని అడిగాడు. ఎవరూ కదలలేదు. ఇంకోసారి అడిగాడు. వరండాలో వెంకటమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. అల్లుడు తల వంచుకున్నాడు. నేను ముక్కాలి పీట మీద నుంచి లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

అన్న నా దగ్గరికి వచ్చి, జర జరుగు రాహేలూ, వాళ్ళు లోపల చూస్తరు, ఇజ్జత్ తియ్యకు అని మెల్లగా అన్నాడు. సంచి ఉన్నోళ్ళు ఒక్కొక్కరే పోవాలె, కెమెరా బయట్నే ఉండాలె, ఎవరికైన అదే కాయిదా అని నేనూ అంతే మెల్లగా చెప్పాను. నాకు గూడనా అన్నాడు. నీకు గూడ అన్నాను. అప్పుడు అనంతయ్య పాస్టరు గారు బల్ల దగ్గర నుంచి, కాయిదా అంటే కాయిదనే డేవిడూ, సంచి లేకుంటే రుమాలున్నదా అని అడిగాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అన్న ముఖం ఎర్రబడింది. పో, నేనే చూసి వచ్చి చెప్తా, ఆ డ్రమ్ముల ఏమున్నదో అన్నట్టు జేబులోంచి రుమాలు తీసి, నన్ను దాటి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

తలుపు మూసుకోగానే నా గుండె ఆగినంత పనైంది. పీట మీద కూలబడ్డాను. అబద్ధం ఎందుకు, జీవితంలో అంత పరేషాన్ ఎప్పుడూ కాలేదు. తలుపు తోసుకొని లోపలికి పోయి అన్నను బయటికి లాగుదామా అనిపించింది. కానీ కాయిదా పెట్టింది నేనే కదా. ఒకరు లోపల ఉండగా ఇంకొకరు పోకూడదు. వీపు తలుపు వైపు పెట్టి కూర్చున్నాను. అన్న ఎంతకూ రాడు. కట్టేసిన కోడి అరుస్తోంది. సంస్థవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. సుమిత్రమ్మ ఊరుకోలేక ఒక పాట ఎత్తుకుంది, ఎవరూ అందుకోలేదు.

తలుపు తెరిచి అన్న బయటికి వచ్చాడు. చేతిలో రుమాలు ముడి వేసి ఉంది. నువ్వు జేబులో చూసిన బియ్యం అవే. ఉత్త చేతులతో రాకూడదన్న కాయిదా ఆయనా పాటించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడలేదు. నేరుగా పోయి ఫోటోలు తీసే మనిషి భుజం మీద చెయ్యి వేసి, లోపల ఫోటో తియ్యనీకి ఏం లేదు తమ్మీ, కెమెరా బ్యాగుల పెట్టు, భోజనం చెయ్యి అన్నాడు. సంస్థవాళ్ళతో కూడా అదే మాట, ఇంకొంచెం మర్యాదగా. ఇక్కడ ముఖాలు చూపించమండి, మీకు ఇష్టమైతే ఇవ్వండి, లేకుంటే మా తిప్పలు మేం పడతాం అన్నాడు. ఆ మాట అన్న నోట్లోంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

వాళ్ళు మర్యాదస్తులే, భోంచేసి పోయారు. ఇప్పటిదాకా కబురు లేదు. రాకపోతే రాకపోనీ. ఆ రోజు హర్రాజు అయ్యాక గది ముందు ఎంత వరస నిలబడిందనుకున్నావు. కరణ్‌కోట వాళ్ళు, సుమిత్రమ్మ, పాస్టరమ్మ, వెంకటమ్మ. చివరికి బషీరాబాద్ అల్లుడు కూడా అత్త చేతిలోని సంచి అడిగి తీసుకొని లోపలికి పోయొచ్చాడు. ఏం చేసి వచ్చాడో నాకు తెలియదు. బయటికి వచ్చి నిఖిలతో ఏదో కన్నడంలో చెప్పాడు, ఆ పిల్ల ముఖం వెలిగింది. నాకు అది చాలు.

ఇదీ జరిగింది. నేను అన్నను ఏమీ అనలేదు. ఆ గది చూశాడు, మారాడు. ఆ బియ్యం పారేయకు, ఆయన వద్దన్నా వండి పెట్టు. వండుకు తినడం కూడా కాయిదాలో ఉంది. ఇక నీతో నాకు పని ఉంది. క్రిస్మసుకు బకెట్లు పంపొద్దని అన్నకు చెప్పు, ఆ సరుకంతా మూటలుగా పంపితే డ్రమ్ము పక్కన పెడతాం. మీ చర్చిలోనూ వేదిక వెనక ఒక గది ఊరికే పడి ఉంది, అందులో విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు, నేను చూశాను. ఒక డ్రమ్ము కొను. తలుపు దగ్గర కూర్చోవడానికి నీకంటే గట్టి మనిషి వికారాబాదులో లేదు. పరిగి ఆడవాళ్ళు కూడా అడుగుతున్నారు. తెల్ల సంచులు ఇంకా కావాలి. గుడ్డ రజిని చేత పంపుతున్నాను, కొలత పాతదే.

పిల్లలకు నా దీవెనలు. అన్నకు నా వందనాలు, ఈసారి నిజంగానే.

ఇట్లు,
నీ మొండి ఆడబిడ్డ
రాహేలమ్మ

తా.క. ఉత్తరం మడిచి రజినికి ఇద్దామని లేచాను. మళ్ళీ కూర్చొని విప్పాను. నిజం చెప్పు అని అడిగావు. ఆ గది చూసి అన్న మారాడని రాశాను గానీ, గదిలో ఏం చూశాడో రాయలేదు.

వానలు మొదలైన కాన్నుంచి మీ మత్తయ్యన్నకు పని లేదు వదినా. ఊపిరితిత్తుల్లో రాతి పొడి పేరుకుంది, ఇక మిషను దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాడు. నేను ఇంట్లో చెప్పే ట్యూషనుకు పిల్లలు ఇచ్చేది మందులకే సరిపోతుంది. మీకు చెప్పలేదు. చెబితే అన్న ఏం చేస్తాడో నాకు తెలుసు. అప్పటినుంచి మేం తింటున్నది ఆ డ్రమ్ములోని బియ్యమే. ప్రతి ఆదివారం అందరూ పోయాక నేనూ సంచి పట్టుకొని లోపలికి పోయి తలుపు వేసుకుంటాను. తెల్ల సంచులన్నీ పంచేశాను కాబట్టి నా దగ్గర మిగిలింది నువ్వు మచ్చుకు కుట్టిన నీలిచారల సంచే. కోతపండుగ రోజు జనం ఎక్కువగా ఉంటారని పొద్దున్నే ముందుగా నా వంతు నింపుకొని, మూతి కూడా కట్టకుండా బల్ల కింద పెట్టాను. పనుల్లో పడి మరిచిపోయాను. అన్న లోపలికి పోయి తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది. నా గుండె ఆగింది డ్రమ్ము గురించి కాదు. తన చొక్కా, తన జేబు, జేబు మీద తన పెన్ను కారిన మరక, అది ఎవరి దగ్గర ఉందో ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది. బయల్దేరేటప్పుడు జీపు దగ్గర నా తల మీద చెయ్యి వేసి, నీ సంచి లోపలనే ఉన్నది, మరిచిపోకు అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను పోయి చూస్తే ఆ సంచికి మూతి కట్టి ఉంది.

ఇప్పుడు ఈ ఉత్తరం చదివి నువ్వు బియ్యం మూట కట్టి ఆటోలో మా ఇంటికి పంపించాలని చూస్తావు. పంపకు. పంపితే వెంకటమ్మ లాగే నేనూ తిప్పి పంపుతాను, తగ్గితే నింపి మరీ పంపుతాను. నా అన్నకు నాకు పెట్టాలని ఉంటే ఆదివారం ఉంది, రైలుంది, చిన్నగది ఉంది. సంచి తెచ్చుకొని వరసలో నిలబడి, తలుపు మూసుకొని డ్రమ్ములో పోయమను. నేను వీపు తిప్పుకొని పీట మీద కూర్చునే ఉంటాను. ఆయన ఎంత పోశాడో నేను చూడను. నేను ఎంత తీసుకున్నానో ఆయన చూడొద్దు.